మెటల్ బాడీ ల్యాప్‌టాప్‌కి వైఫై సరిగా అందడం లేదా? ఇలా చేసి చూడండి

గుంటూరు బ్రాడీపేటలో మా అక్కావాళ్లది పాత డాబా ఇల్లు. రూటరు వీధి వైపు గదిలో టీవీ పక్కన ఉంటుంది. మా మేనకోడలు చదువుకునేది వెనక, వంటింటిని ఆనుకున్న గదిలో. అక్కడ కూర్చుని ఫోనులో ఏ వీడియో చూసినా ఆగదు. అదే మంచం మీద ల్యాప్‌టాప్ తెరిస్తే మాత్రం ఆన్‌లైన్ క్లాసులో మాస్టారి గొంతు ముక్కలు ముక్కలుగా వినపడేది. "మావయ్యా, నెట్ బాగానే ఉంది. ఈ ల్యాప్‌టాప్‌కే ఎందుకో అందట్లేదు" అంది ఫోన్లో. అప్పటికే బావగారు ఇంటర్నెట్ ప్లాన్ పెద్దది వేయించారు. బిల్లు పెరిగింది, క్లాసు మాత్రం ఎప్పట్లాగే ఆగేది.

ప్లాన్ అంటే బయటి నుంచి రూటరు దాకా వచ్చే వేగం. రూటరు నుంచి ల్యాప్‌టాప్ దాకా గాలిలో వచ్చే దారి వేరు. ఆ దారి బాగోలేకపోతే ఎంత పెద్ద ప్లాన్ వేయించినా దండగే. ఆ ఇంట్లో రెండు ఆదివారాలు కూర్చుని నేను చేసినవన్నీ ఒక వరసలో ఇక్కడ పెడుతున్నాను. పైసా ఖర్చు లేనివి ముందు వస్తాయి, స్క్రూడ్రైవరు పట్టాల్సింది చివర వస్తుంది. మీరూ అదే వరసలో చేయండి. వరస తప్పితే ఏది పనిచేసిందో, ఏది చేయలేదో మీకే తెలియకుండా పోతుంది.

మెటల్ బాడీతో చిక్కు ఎక్కడ

వైఫై అంటే రేడియో తరంగాలు. అవి ఇటుక గోడలోంచి కొంత నీరసించైనా బయటికి వస్తాయి, చెక్కలోంచి, ప్లాస్టిక్‌లోంచి దాదాపు అలాగే వచ్చేస్తాయి. లోహాన్ని మాత్రం దాటలేవు. మీ ఫోనును స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించి కాసేపయ్యాక తీసి చూడండి, సిగ్నల్ గీతలు పడిపోయి ఉంటాయి. అల్యూమినియం ఒంటి ల్యాప్‌టాప్ కూడా అలాంటి డబ్బాయే. లోపలి యాంటెన్నాకు తరంగం అందాలంటే ఆ డబ్బాకు ఎక్కడో ఒక కిటికీ ఉండాలి. తయారుచేసేవాళ్లు ఆ కిటికీని ప్లాస్టిక్ పట్టీ రూపంలో వదులుతారు. ప్లాస్టిక్ ల్యాప్‌టాప్‌కి అన్ని వైపులా తలుపులే. మెటల్ దానికి ఆ ఒక్క కిటికీయే.

ఇదేమీ కొత్త సమస్య కాదు. 2001లో యాపిల్ టైటానియం ఒంటితో పవర్‌బుక్ జీ4 తెచ్చినప్పుడు, అదే కంపెనీ ప్లాస్టిక్ ఐబుక్‌తో పోలిస్తే దానికి వైర్‌లెస్ తక్కువ అందుతోందని వాడినవాళ్లంతా గమనించారు. 2003లో అల్యూమినియం పవర్‌బుక్‌లు వచ్చేసరికి యాంటెన్నాలను కింది భాగంలోంచి తెర పక్కలకు మార్చారు. ఆ తర్వాతి మ్యాక్‌బుక్‌లలో తెరకూ కీబోర్డుకూ మధ్య కీలు దగ్గర నల్ల ప్లాస్టిక్ వెనక పెట్టారు. లోహం మారలేదు, కిటికీ చోటు మారిందంతే. మీ ల్యాప్‌టాప్‌లో ఆ చోటెక్కడో తెలుసుకోవడమే సగం పని. కానీ దానికంటే ముందు ఇంకో పనుంది.

ముందు కొలవండి

తెర మూలన కనపడే వైఫై గీతల్ని నమ్మొద్దు. మూడు గీతలున్నా క్లాసు ఆగొచ్చు, రెండున్నా నడవొచ్చు. అంకె కావాలి.

విండోస్ ఉంటే స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి నల్ల తెర తెరవండి. అక్కడ నాలుగు మాటలు, మధ్య మధ్య ఖాళీ వదులుతూ టైప్ చేయాలి: మొదటిది ఎన్, ఈ, టీ, ఎస్, హెచ్ అక్షరాలు, రెండోది డబ్ల్యూ, ఎల్, ఏ, ఎన్, మూడోది షో, నాలుగోది ఇంటర్‌ఫేసెస్. ఎంటర్ నొక్కితే వచ్చే జాబితాలో సిగ్నల్ అనే చోట శాతం కనపడుతుంది. ఛానల్ నంబరు, అంటే రూటరు గాలిలో వాడుతున్న దారి నంబరు కూడా అక్కడే ఉంటుంది. కొత్త విండోస్ 11లో లొకేషన్ అనుమతి అడగొచ్చు, ఇవ్వండి, లేకపోతే వివరాలు చూపించదు.

ఆ శాతాన్ని అసలు కొలతలోకి మార్చడం తేలిక. సగం చేసి, అందులోంచి 100 తీసేయండి. 62 శాతం ఉంటే సగం 31, అందులోంచి 100 పోతే మైనస్ 69. ఈ కొలతను డీబీఎం అంటారు. మైనస్ పక్కన అంకె ఎంత చిన్నదైతే అంత బలం. మైనస్ 50 అంటే దివ్యంగా ఉన్నట్టు. వీడియో కాల్ ఆగకుండా నడవాలంటే మైనస్ 67 లోపే ఉండేలా చూసుకోండి. మైనస్ 75 దాటితే పేజీలు తెరుచుకోవడమే కష్టం. ఇంకో సంగతి గుర్తుంచుకోండి: మైనస్ పక్కన అంకె 3 పెరిగితే అందే శక్తి సగమైనట్టు, 10 పెరిగితే పదో వంతైనట్టు. చూడటానికి చిన్న తేడాలా ఉంటుంది గానీ కాదు.

మ్యాక్ ఉంటే పని ఇంకా తేలిక. ఆప్షన్ మీట నొక్కిపట్టి, పైన కుడివైపున్న వైఫై గుర్తు మీద క్లిక్ చేయండి. ఆర్ఎస్ఎస్ఐ అన్న చోట డీబీఎం నేరుగా కనపడుతుంది. దాని కింద నాయిస్ అని ఉంటుంది, అంటే చుట్టుపక్కల రేడియో రొద. ఈ రెంటి మధ్య 25 తేడా ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు.

ఒక నోటుపుస్తకం పక్కన పెట్టుకోండి. ఏ మార్పు చేసినా ముందొక అంకె, తర్వాతొక అంకె రాయండి. ఒక్కసారి చూసి రాసేయకుండా అరనిమిషం ఆగి మూడు సార్లు చూసి మధ్యదాన్ని రాయండి, ఎందుకంటే అంకె ఊరికే అటూ ఇటూ ఊగుతుంది. ఒకేసారి రెండు మార్పులు చేయొద్దు.

తప్పు ఎవరిదో తేల్చే రెండు పరీక్షలు

మొదటిది. ల్యాప్‌టాప్ ఉన్న చోటే ఫోను పెట్టి, వైఫై అనలైజర్ లాంటి ఉచిత యాప్‌తో అదే నెట్‌వర్క్ కొలత చూడండి. ఫోనులోనూ బలం లేకపోతే తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు, గోడలదో రూటరుదో. రెంటికీ నాలుగైదు అంకెల తేడా ఉంటే పట్టించుకోకండి. ఫోను మైనస్ 60 చూపిస్తూ ల్యాప్‌టాప్ మైనస్ 75 చూపిస్తుంటే మాత్రం లోపం ల్యాప్‌టాప్ వైపే ఉంది.

రెండోది అన్నిటికంటే ముఖ్యం. ల్యాప్‌టాప్‌ను రూటరుకు ఒక మీటరు దూరంలోకి తీసుకెళ్లండి, మధ్యలో ఏ అడ్డూ లేకుండా. అక్కడ విండోస్‌లో 95 నుంచి 100 శాతం రావాలి. మ్యాక్‌లో మైనస్ 45 కంటే మెరుగ్గా ఉండాలి. అంత దగ్గర కూడా 70 శాతమో 75 శాతమో చూపిస్తే ఇంట్లో ఏది జరిపినా లాభం లేదు. లోపల యాంటెన్నా వైరు ఊడిపోయి ఉంటుంది, లేదా వైఫై కార్డు పాడై ఉంటుంది. మా మేనకోడలి ల్యాప్‌టాప్ రూటరు పక్కనే 72 శాతం చూపించింది. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. మీదీ అలాగే ఉంటే మధ్యలో ఉన్నవన్నీ వదిలేసి చివరి భాగానికి వెళ్లిపోండి.

కిటికీ వెతకండి

ల్యాప్‌టాప్ ఆపి, వెలుతురులో నాలుగు పక్కలా చూడండి. మూత పై అంచున వేరే రంగు పట్టీ ఉందా? వేలితో రాస్తే లోహం చల్లగా తగులుతుంది, ప్లాస్టిక్ అంత చల్లగా ఉండదు. తెర కింద కీలు పొడవునా నల్ల ప్లాస్టిక్ ఉందా? అదీ లేకపోతే ల్యాప్‌టాప్ తిరగేసి, అడుగున ముందు అంచుల్లోనో పక్కలనో ప్లాస్టిక్ ముక్కలు, రబ్బరు పట్టీలు ఉన్నాయేమో చూడండి. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ దొరికితే వైర్‌లెస్ యాంటెన్నా అనే బొమ్మలో చోటు సరిగ్గా కనపడుతుంది.

దొరికాక దాన్ని ఏమేం కప్పుతున్నాయో చూడండి. అందం కోసం అంటించిన మెరుపు స్టిక్కరు ఆ పట్టీ మీదకు వచ్చిందా? లోహపు పూత ఉన్న స్టిక్కరైతే పట్టీ ఉన్నంత మేరకు కత్తిరించి తీసేయండి. ప్లాస్టిక్ కవరు తగిలించుకుంటే ఇబ్బంది లేదు. ల్యాప్‌టాప్‌ను ఇనుప జాలీ ఉన్న కూలింగ్ ప్యాడ్ మీద పెట్టారా, ఇనుప మడత బల్ల మీద పెట్టారా? అడుగున యాంటెన్నా ఉన్న మోడళ్లకు ఇవి నేరుగా అడ్డం. చెక్క పలక మీదకు మార్చి కొలవండి. మూత మూసేసి పెద్ద మానిటర్‌తో పనిచేసేవాళ్లు మూత తెరిచి ఒకసారి కొలవాలి. మూసినప్పుడు ఆ సన్నని కిటికీ లోహానికీ లోహానికీ మధ్య ఇరుక్కుంటుంది.

ఆ తర్వాత ల్యాప్‌టాప్‌ను తిప్పండి. మూత వెనక భాగం రూటరు వైపు ఉండేలా ఒకసారి, పక్కకు ఒకసారి, మీ వీపు రూటరు వైపు ఉండేలా ఒకసారి కొలవండి. మన ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే, నీళ్లు ఈ తరంగాల్ని పీల్చుకుంటాయి. మంచం మీద గోడకు ఆనుకుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, రూటరు మన వెనక గదిలో ఉంటే మనమే అడ్డుగోడ అయినట్టు. మా మేనకోడలు సరిగ్గా అలాగే కూర్చునేది.

బెత్తెడు జరపడం కూడా పనిచేస్తుంది. ఇది చాలామంది నమ్మరు గానీ నిజం. ఇళ్లలో రూటర్లు మామూలుగా 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్‌లలో వైఫై ఇస్తాయి. వాటిలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 12.5 సెంటీమీటర్లు. గోడలకు కొట్టుకుని వెనక్కి వచ్చే తరంగాలు, నేరుగా వచ్చేవి కలిసి ఒక చోట బలపడతాయి, ఇంకో చోట ఒకదాన్నొకటి చంపుకుంటాయి. బలమైన చోటుకూ బలహీనమైన చోటుకూ మధ్య దూరం ఒక్కోసారి నాలుగు వేళ్ల వెడల్పే. బల్ల మీద ల్యాప్‌టాప్‌ను బెత్తెడు చొప్పున జరుపుతూ అంకె చూడండి. మంచి చోటు దొరికితే సుద్దముక్కతో గీత గీయండి.

పక్కన గుచ్చిన వైర్లు

ఇది అందరూ వదిలేసే చోటు, అందుకే కాస్త ఆగి చెబుతాను. మెటల్ బాడీ ల్యాప్‌టాప్‌లు సన్నగా ఉంటాయి, పోర్టులు రెండో మూడో ఉంటాయి. అందుకని అందరూ ఒక యూఎస్‌బీ హబ్ కొని పక్కనే తగిలిస్తారు. దానికి బయటి హార్డ్ డిస్కు, హెచ్‌డీఎంఐ వైరు. యూఎస్‌బీ 3 మీద సమాచారం పరిగెత్తేటప్పుడు దాని వైర్లు, ప్లగ్గులు రేడియో రొద చేస్తాయి. ఆ రొద 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో కూడా పడుతుంది. ఇంటెల్ కంపెనీయే 2012లో దీని మీద వివరంగా ఒక పత్రం వెలువరించింది. యాంటెన్నా కీలు దగ్గర ఉండి, హబ్ కూడా కీలు పక్క పోర్టులోనే ఉంటే ఆ రొద నేరుగా చెవిలో పడినట్టే.

పరీక్ష చాలా సులువు. హబ్, హార్డ్ డిస్కు రెండూ పీకేసి ఇంటర్నెట్ వేగం చూడండి, మళ్లీ తగిలించి చూడండి. ఇక్కడ సిగ్నల్ అంకె మారకపోవచ్చు, ఎందుకంటే తగ్గేది సిగ్నల్ కాదు, పెరిగేది రొద. మ్యాక్‌లో నాయిస్ అంకె చూస్తే అర్థమవుతుంది. తేడా కనపడితే హబ్‌ను అవతలి వైపు పోర్టుకు మార్చండి, లేదా అరమీటరు పొడవున్న మంచి వైరుతో దూరంగా పెట్టండి. అన్నిటికంటే మంచి మందు ల్యాప్‌టాప్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చడం. ఈ రొద అక్కడ అంతగా బాధించదు.

ఇల్లు

మన ప్రాంతపు ఇళ్లలో నేను చూసిన పెద్ద దొంగ దోమల జాలీ తలుపు. కృష్ణా కాలువల పక్కనో మురుగు కాలువల పక్కనో ఉండే ఇళ్లలో జాలీ లేని గుమ్మం ఉండదు. నైలాన్ జాలీ, ఫైబర్ జాలీ అయితే వైఫైకి ఏమీ కాదు. స్టీలు జాలీయో అల్యూమినియం జాలీయో అయితే అది గాలికి మాత్రమే తలుపు, తరంగానికి గోడ. రంధ్రం మిల్లీమీటరో రెండో ఉంటుంది, తరంగం పొడవు పన్నెండు సెంటీమీటర్లు. ఆ కన్నాల్లోంచి అది దూరలేదు. అక్కావాళ్లింట్లో నడవాకూ వెనక గదికీ మధ్య స్టీలు జాలీ తలుపు ఉంది. వేసినప్పుడు 48 శాతం, తీసినప్పుడు 64 శాతం. అంటే ఒక్క తలుపు ఎనిమిది అంకెలు మింగేసింది. బయటి గుమ్మానికి ఉన్న జాలీని ఉంచి, లోపలి తలుపుకు నైలాన్ జాలీ వేయించమని చెప్పాను. వడ్రంగి ఒక పూటలో మార్చేశాడు.

తర్వాతది బీరువా. ఇనుప బీరువా రెండు గదుల మధ్య గోడకు ఆనించి ఉంటుంది, దానికో నిలువుటద్దం కూడా ఉంటుంది. దాన్ని జరపలేం గాబట్టి రూటరునే జరపాలి. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, మేడ మీద గదికైతే నీళ్ల ట్యాంకు, ఇనుప చువ్వలున్న స్లాబు కూడా ఇలాంటివే.

రూటరును ఎక్కడ పెట్టాలి? బిగించడానికి వచ్చిన కుర్రాడు వైరు ఎక్కడ దాకా వస్తే అక్కడ, అంటే టీవీ వెనక, నేలకు జానెడు ఎత్తులో పెట్టి వెళ్లిపోతాడు. అక్కడ వదిలేయకండి. మనిషి ఎత్తులో, అల్మారా లోపల కాకుండా బయట, టీవీ లోహపు వీపు చాటున కాకుండా ఉండాలి. ఇంటి మధ్య గుమ్మం పైన గోడకు చిన్న చెక్క బల్ల కొట్టి పెడితే అన్ని గదులకూ సమంగా అందుతుంది. బయటికి పొడుచుకొచ్చిన యాంటెన్నాలుంటే నిలువుగా పెట్టండి. వాటి కొన ఎటు చూపిస్తే అటు తక్కువ అందుతుంది, చుట్టూ పక్కలకు ఎక్కువ అందుతుంది. మేడ మీద గది కూడా ఉంటే ఒకదాన్ని అడ్డంగా వంచండి. ఫైబర్ వైరును మాత్రం మీరే లాగి మడత పెట్టకండి, లోపల గాజు పోగు విరుగుతుంది. వైరు పొడిగించమని వాళ్లనే పిలిపించండి.

రూటరు సెట్టింగులు

రూటరు వెనక స్టిక్కరు మీద ఒక అడ్రసు ఉంటుంది, ఎక్కువగా 192.168.1.1 లేదా 192.168.0.1. బ్రౌజరులో అది కొట్టి లోపలికి వెళ్లండి. 2.4కూ 5కూ వేర్వేరు పేర్లు పెట్టండి, ఏది వాడుతున్నారో మీకు తెలిసేలా.

రెంటిలో ఏది మంచిదంటే ఇంటిని బట్టి ఉంటుంది. 2.4 గోడల్ని మెరుగ్గా దాటుతుంది గానీ అందులో రద్దీ ఎక్కువ. 5 వేగంగా ఉంటుంది, రెండు గోడలు దాటేసరికి నీరసిస్తుంది. మా బామ్మర్ది విజయవాడ పటమటలో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఉంటాడు. "బావా, 80 శాతం సిగ్నల్ చూపిస్తూ నత్తలా నడుస్తోంది" అన్నాడు. ఫోనులో చూస్తే చుట్టుపక్కల ఫ్లాట్ల నెట్‌వర్కులు ముప్ఫైకి పైగా కనపడ్డాయి, అన్నీ 2.4లోనే తోసుకుంటున్నాయి. 5కు మార్చగానే సమస్య తీరింది. వాడిది అందకపోవడం కాదు, రద్దీ. అక్కావాళ్ల పాత ఇంట్లో, లావు గోడల మధ్య వెనక గదికి మాత్రం 2.4 తప్ప గతి లేదు.

2.4 వాడాల్సి వస్తే ఛానల్ 1, 6, 11లో ఏది ఖాళీగా ఉంటే అది పెట్టండి. ఈ మూడూ ఒకదాని మీద ఒకటి పడవు. ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి. 40 పెడితే పక్కింటివాళ్ల రొద కూడా మీ నెత్తికే వస్తుంది. 5లో అయితే 36 నుంచి 48 మధ్య గానీ, 149 నుంచి 161 మధ్య గానీ పెట్టుకోండి.

గుంటూరు, విజయవాడ ఇళ్లలో ఇంకో చిక్కు ఉంటుంది. అమెరికా నుంచి అబ్బాయో అమ్మాయో తెచ్చిచ్చిన ల్యాప్‌టాప్. మన దగ్గర 2.4లో 13 దాకా ఛానళ్లు వాడతారు, అక్కడ మామూలుగా 11 వరకే. రూటరు తనంతట తానే 12కో 13కో వెళ్లిందంటే ఆ ల్యాప్‌టాప్‌కి మన ఇంటి నెట్‌వర్క్ పేరే కనపడకపోవచ్చు. ఫోనులో కనపడుతూ ల్యాప్‌టాప్‌లో మాయమైందంటే ముందు ఇది చూడండి. ఛానల్ ఆటో తీసేసి 1, 6, 11లో ఒకటి పెడితే సరిపోతుంది.

ల్యాప్‌టాప్ లోపలి సెట్టింగులు

ఇక్కడ ఎక్కువ ఆశ పెట్టుకోకండి, అయినా పది నిమిషాల పని. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, నెట్‌వర్క్ అడాప్టర్లలో వైఫై కార్డు మీద రెండుసార్లు నొక్కండి. పవర్ మేనేజ్‌మెంట్‌లో, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపొచ్చు అన్న చోట టిక్కు తీసేయండి. అడ్వాన్స్‌డ్‌లో ట్రాన్స్‌మిట్ పవర్ ఉంటే హైయెస్ట్ పెట్టండి, ప్రిఫర్డ్ బ్యాండ్ ఉంటే మీరు తేల్చుకున్నది పెట్టండి. ఇంట్లో రెండు రూటర్లున్నా ల్యాప్‌టాప్ దూరపు రూటరునే పట్టుకుని వేలాడుతుంటే రోమింగ్ అగ్రెసివ్‌నెస్ ఒక మెట్టు పెంచండి. కార్డును నడిపే సాఫ్ట్‌వేర్‌ను, అంటే డ్రైవరును, ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచే తీసుకోండి.

డబ్బు పెట్టాల్సి వస్తే

ఇంతా చేశాక కూడా వీడియో కాల్ ఆగుతుంటే అప్పుడు కొనండి. నా మాట వింటే మొదటి ఖర్చు వైరు మీద పెట్టండి. రూటరు నుంచి ల్యాప్‌టాప్‌కి వేసే క్యాట్ 6 అనే నెట్‌వర్క్ వైరు 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, మన ఇళ్లకు 20 మీటర్లు మించి అక్కర్లేదు. ల్యాప్‌టాప్‌కి ఆ వైరు గుచ్చే లాన్ పోర్టు లేకపోతే యూఎస్‌బీ నుంచి లాన్‌కు మార్చే చిన్న అడాప్టరు దొరుకుతుంది. అద్దె ఇల్లు, గోడకు కన్నం వేయనివ్వరంటే చదునుగా ఉండే వైరు తలుపు సందులోంచి పోతుంది. ఆ వైరు చివర పాత రూటరును యాక్సెస్ పాయింట్‌గా పెడితే ఆ గదంతటికీ కొత్త వైఫై వస్తుంది. మెటల్ బాడీ గొడవే ఉండదు.

వైరు కుదరకపోతే రిపీటరు, అంటే రూటరు సిగ్నల్‌ను అందుకుని మళ్లీ ముందుకు పంపే పెట్టె. దాన్ని సిగ్నల్ లేని గదిలో పెట్టకండి, అక్కడ దానికీ అందేదేమీ ఉండదు. సగం దారిలో, మైనస్ 60 దగ్గర చూపించే చోట పెట్టండి. అదే బ్యాండ్‌లో తీసుకుని అదే బ్యాండ్‌లో ఇచ్చే రిపీటరుతో వేగం సగానికి పడిపోతుందని ముందే తెలుసుకోండి.

మూడోది యూఎస్‌బీ వైఫై అడాప్టరు. మెటల్ బాడీ చిక్కుకు ఇది సూటి మందు, ఎందుకంటే యాంటెన్నా డబ్బా బయటికి వచ్చేస్తుంది. కానీ గోరంత ఉండే బుల్లి అడాప్టరు కొనకండి. అది మళ్లీ లోహానికి అతుక్కునే ఉంటుంది, దాని యాంటెన్నా కూడా గోరంతే. బయటికి పుల్లలా యాంటెన్నా ఉన్నది, రెండు బ్యాండ్‌లదీ తీసుకుని, పొడిగింపు వైరుతో కిటికీ గట్టు మీదో బీరువా చాటు తప్పేలానో పెట్టండి. మ్యాక్ ఉన్నవాళ్లు కొనేముందు డ్రైవరు ఉందో లేదో తప్పక అడగండి, కొత్త మ్యాక్‌లకు చాలావాటికి ఉండదు. సిగ్నల్ పెంచే స్టిక్కర్లని అమ్మేవాటికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

మూత విప్పాల్సినప్పుడు

ఒక మీటరు పరీక్షలో తప్పినవాళ్లకు మాత్రమే ఈ భాగం. వారంటీ ఉంటే విప్పొద్దు, సర్వీస్ సెంటరుకు తీసుకెళ్లండి. అడుగు ఉబ్బినట్టు కనపడినా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా బ్యాటరీ పొంగిందని అర్థం. దాన్ని మీరు ముట్టుకోవద్దు.

విప్పేవాళ్లు ఛార్జరు తీసేసి, పూర్తిగా షట్‌డౌన్ చేయండి. కాగితం మీద ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, తీసిన ప్రతి స్క్రూను దాని చోట టేపుతో అంటించండి. స్క్రూలు ఒకే పొడవు ఉండవు, పొడుగుది పొట్టి చోట బిగిస్తే లోపలి బోర్డుకు గుచ్చుకుంటుంది. అంచులు విప్పడానికి కత్తి వాడకుండా ప్లాస్టిక్ ముక్క వాడండి. తెరిచాక మొట్టమొదట బ్యాటరీ ప్లగ్గు ఊడదీయండి.

వైఫై కార్డు అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. దాని మీద రెండు బుల్లి బంగారు రంగు గుండీలు, వాటికి రెండు సన్నని వైర్లు, ఎక్కువగా ఒకటి నల్లది, ఒకటి తెల్లది. రెండూ గట్టిగా కూర్చున్నాయా చూడండి. మా మేనకోడలి ల్యాప్‌టాప్‌లో తెల్ల వైరు ఊడి, బ్యాటరీ అంచు కింద నలిగి పడుంది. ఆర్నెల్ల క్రితం ఒక షాపులో బ్యాటరీ మార్పించారు, అప్పుడు పీకినదాన్ని తిరిగి పెట్టలేదు. అడ్డం రాకుండా తీసి ఉంటారు, తర్వాత మర్చిపోయి ఉంటారు. ఆ పిల్ల ఆర్నెల్లు సగం చెవితో క్లాసులు విన్నది.

పెట్టేటప్పుడు వైరు తలను గుండీ మీద సరిగ్గా నిటారుగా ఉంచి, వేలి కొనతో కిందికి నొక్కండి. టిక్కుమని చిన్న శబ్దం వస్తుంది. వంకరగా నొక్కినా తిప్పినా అది అణిగిపోతుంది. ఈ గుండీలు ముప్ఫై సార్లు పెట్టి తీయడానికి తయారైనవి, కాబట్టి ఊరికే తీసి పెట్టి చూడొద్దు. ఏ వైరు ఏ గుండీకో కార్డు మీద గుర్తులుంటాయి, విప్పేముందు ఒక ఫొటో తీసుకుంటే ఇంకా మంచిది. వైర్లు రెండూ బాగానే ఉంటే కార్డు మార్చడం తర్వాతి మాట. కొన్ని ల్యాప్‌టాప్‌లలో కార్డు బోర్డుకే అతికించి ఉంటుంది, వాటికి మార్చడం కుదరదు, బయటి అడాప్టరే గతి. విడిగా ఉన్న కార్డయితే ఇంటెల్ ఏఎక్స్210 లాంటిది చాలావాటికి సరిపోతుంది. ఏఎక్స్201 మాత్రం ఇంటెల్ ప్రాసెసర్లలోనూ కొన్నిటికే పనిచేస్తుంది. పేర్లు ఒకలాగే ఉంటాయి గాబట్టి అంకె చూసి కొనండి.

ధైర్యం చాలకపోతే షాపుకే ఇవ్వండి, తప్పేం లేదు. తెర మార్చినా, బ్యాటరీ మార్చినా, ఏ పని కోసం ఇచ్చినా, డబ్బులిచ్చే ముందు కౌంటరు దగ్గరే ల్యాప్‌టాప్ ఆన్ చేయించండి. మీ ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి, ఫోనును ఒక మీటరు దూరంలో ఉంచి, మొదట్లో చెప్పిన ఆ నాలుగు మాటలు సీఎండీలో టైప్ చేసి శాతం చూడండి. 95 కంటే తక్కువ చూపిస్తే మళ్లీ విప్పి యాంటెన్నా వైర్లు చూడమని అక్కడే అడగండి. మూత ఇంకా గోరువెచ్చగా ఉండగానే అయిపోయే పని అది.